పాఠశాలలో కంప్యూటర్ - ఒక విమర్శనాత్మక పరిశీలన

బోధనాభ్యసన ప్రక్రియలో కంప్యూటర్ ఉపయోగాల గురించి విద్యార్థులు రాసే జవాబులు దాదాపు ఒకే తీరులో ఉంటాయి. పాఠం ఆసక్తికరంగా మారుతుంది, కంటికీ చెవికీ ఒకేసారి పని ఉంటుంది, పిల్లలు తమ వేగంతో నేర్చుకుంటారు, ఉపాధ్యాయుని శ్రమ తగ్గుతుంది. ఇవన్నీ జరగగలవే. అయితే జరగగలగడం వేరు, జరగడం వేరు. ఈ పాఠంలో ఆ రెండింటి మధ్య దూరాన్ని కొలవడానికి ప్రయత్నిద్దాం. కొలిచేటప్పుడు ఒక ఊరు కళ్ళముందు ఉంటే మంచిది. కామారెడ్డి జిల్లాలోని డోంగ్లిని తీసుకుందాం.

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. డోంగ్లి అప్పటికి మద్నూర్ మండలంలోని ఒక గ్రామం. 2022లో అది మండల కేంద్రమైంది. జుక్కల్ నియోజకవర్గంలో, రాష్ట్రానికి ఒక అంచున ఉన్న ప్రాంతమిది. సరిహద్దు దాటితే మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా, దెగ్లూర్ పట్టణం. కర్ణాటక కూడా దూరం కాదు. పత్తి, సోయా, కంది, పెసర, మినుము పండే నేలలు. పెళ్ళి సంబంధాలు, సంతలు, కూలి పనులు మూడు రాష్ట్రాల మధ్యా నడుస్తాయి. ఇళ్ళల్లో తెలుగుతో పాటు మరాఠీ, కన్నడ వినిపిస్తాయి. ఒకటో తరగతిలో పిచ్చుక బొమ్మ చూపిస్తే ఒక పిల్ల ‘పిచ్చుక’ అనవచ్చు, పక్క పిల్లవాడు ‘చిమణీ’ అనవచ్చు, మరొకరు ‘గుబ్బచ్చి’ అనవచ్చు. ముగ్గురూ సరైన జవాబే చెప్పారు. ఉపాధ్యాయురాలు ఆ మూడు మాటలూ వినగలదు. తెరమీది పాఠం వాటిలో ఎన్ని వినగలదు అన్నది ఈ పాఠమంతా మనతో నడిచే ప్రశ్న.

గతం నుంచి ఇప్పటిదాకా

మన దేశంలో పాఠశాలకు యంత్రం రావడం కొత్త సంగతి కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏ.టి.ఎస్.-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం ఊరి పెద్దలకు. కరెంటు సరిగా లేని కాలంలో పల్లెకు టీవీ చేర్చి, ఏడాదిపాటు నడిపించారు. సాంకేతికంగా అది గొప్ప విజయం. గడువు తీరింది, ఉపగ్రహం పక్కకు తప్పుకుంది, బడి మళ్ళీ నల్లబల్ల దగ్గరకు వచ్చింది.

1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం కింద సుమారు 250 పాఠశాలలతో కంప్యూటర్ పరిచయాన్ని ఆరంభించింది. బ్రిటన్ నుంచి వచ్చిన బి.బి.సి. మైక్రో యంత్రాలు వాడారు. 2004 డిసెంబరులో ‘ఐ.సి.టి. ఎట్ స్కూల్స్’ పథకం వచ్చింది, 2010లో దాన్ని సవరించారు, 2018 నుంచి అది సమగ్ర శిక్షలో భాగమైంది. ఈ పథకంలో చాలా రాష్ట్రాలు అనుసరించిన పద్ధతిని మీరు గుర్తుంచుకోవాలి. ఒక కంపెనీ పాఠశాలలో కంప్యూటర్ గది ఏర్పాటు చేస్తుంది, తన మనిషిని పెట్టి ఐదేళ్ళు నడుపుతుంది, గడువు తీరాక యంత్రాలను బడికి అప్పగించి వెళ్ళిపోతుంది. కాగితం మీద ఇది చక్కని ఏర్పాటు. కాని ఒప్పందం పూర్తయ్యే నాటికి యంత్రాల వయసు ఐదేళ్ళు, వాటిని నడిపిన బోధకుని కొలువు ఆ రోజుతో సరి. బడికి మిగిలేది పాతబడిన యంత్రాలు, ఒక తాళంచెవి. కంప్యూటర్ గదికి తాళం ఎందుకు వేసి ఉందని అడిగితే ప్రధానోపాధ్యాయుని నిర్లక్ష్యమని చెప్పడం మనకు అలవాటు. ఆ తాళం ఒప్పందంలోనే ఉందని నా అభిప్రాయం.

తెలంగాణలో 2016లో ఉన్నత పాఠశాలల్లో డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. ఉమ్మడి రాష్ట్రంలో పుట్టిన మన టీవీ 2017లో టి-శాట్‌గా మారి ‘విద్య’, ‘నిపుణ’ అనే రెండు ఛానళ్ళు నడుపుతున్నది. 2022లో మొదలైన ‘మన ఊరు - మన బడి’లోని పన్నెండు అంశాల్లో డిజిటల్ విద్య ఒకటి. మిగతావి మరుగుదొడ్లు, తాగునీరు, విద్యుత్తు, బెంచీలు, మరమ్మతులు వంటివి. వాటి సరసన కంప్యూటర్‌ను కూడా ఒక వసతిగా చేర్చారన్నది గమనించండి. బెంచీ వేస్తే పిల్లలు కూర్చుంటారు, దానికి శిక్షణ అక్కరలేదు. కంప్యూటర్ పెట్టినంత మాత్రాన చదువు వస్తుందా?

2020 నాటి తెరపాఠం

ఒక బోధనా సాధనాన్ని విమర్శించాలంటే దాన్ని ఒక పుస్తకాన్ని చదివినట్టు చదవాలి. ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతోంది, ఎదుటివారికి ఏమి తెలుసని అనుకుంటోంది, వారి జవాబుకు చోటు ఇస్తోందా? ఈ దృష్టితో 2020 నాటి టీవీ పాఠాలను చూద్దాం.

కోవిడ్ కారణంగా 2020 మార్చి మధ్యలో మూతపడిన తెలంగాణ బడుల పిల్లలకు అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు అందాయి. మూడో తరగతి మొదలు పై తరగతుల వరకు రోజువారీ సమయ పట్టిక ఉండేది. ఫోనూ నెట్టూ లేని ఇంటికి కూడా టీవీ ఉండే అవకాశం ఎక్కువ కనుక, ఆ పరిస్థితిలో టీవీని ఎంచుకోవడం తెలివైన నిర్ణయమే. ఖరీదైన ప్రైవేటు బడులు జూమ్ తరగతులతో ముందుకు పోతున్నప్పుడు ప్రభుత్వ బడి పిల్లలను పూర్తిగా వదిలేయకుండా ఆపిన ఏర్పాటది. ఈ మాట చెప్పకుండా లోపాలు ఎంచడం న్యాయం కాదు.

ఇక పాఠం లోపలికి వెళ్దాం. టీవీలోని ఉపాధ్యాయుడు ఐదో తరగతి గణితం చెబుతున్నాడంటే, ఎదుట ఉన్నది ఐదో తరగతి గణితానికి సిద్ధమైన పిల్ల అని ఆయన అనుకోక తప్పదు. భిన్నాల కూడిక చెప్పేవాడు మధ్యలో ఆగి, భాగహారం రాని పిల్ల ముఖం చూడలేడు. బడిలోనైతే ఆ ముఖమే ఉపాధ్యాయునికి సమాచారం. తలలు కిందికి వంగితే సార్‌కు తెలుస్తుంది, ఉదాహరణ మారుస్తాడు, బల్ల దగ్గరకు పిలుస్తాడు, అవసరమైతే మరాఠీ వచ్చిన పిల్లతో పక్క పిల్లవాడికి చెప్పిస్తాడు. తెరపాఠానికి ఈ వెనక్కి వచ్చే సమాచారం లేదు. విద్యా సాంకేతిక శాస్త్రంలో దీన్ని ప్రతిపుష్టి అంటారని మీకు తెలుసు. కాబట్టి ప్రతిపుష్టి భారమంతా వర్క్‌షీట్ల మీద, ఫోనులో పలకరించే ఉపాధ్యాయుల మీద పడింది. ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రితో పాటు చేనుకు వెళ్ళేదైతే ఆ తీగ కూడా తెగినట్టే.

ఇక్కడ మీరొక అభ్యంతరం చెప్పవచ్చు. మీరు కూడా దూరవిద్య విద్యార్థులే. ముద్రిత పాఠం, ఆడియో, టీవీ ద్వారానే చదువుతున్నారు. హైదరాబాదులో 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైనప్పటి నుంచి ఎందరో ఈ దారిలోనే పట్టాలు పొందారు. మీకు పనికివచ్చినది పిల్లలకు ఎందుకు పనికిరాదు? ఎందుకంటే మీకు చదవడం వచ్చు. అర్థం కాని పేరా దగ్గర ఆగాలని, వెనక్కి వెళ్ళాలని, సంపర్క తరగతిలో అడగాలని మీకు తెలుసు. నేర్చుకోవడం ఎలాగో తెలిసినవారి కోసం రూపొందిన పద్ధతిని, ఆ తెలివినే ఇంకా సంపాదించుకోవలసిన తొమ్మిదేళ్ళ పిల్లకు ఇచ్చారు.

మూడు ప్రశ్నలు అడిగే వేదిక

2017 సెప్టెంబరులో కేంద్రం ‘దీక్షా’ వేదికను ప్రారంభించింది. పాఠ్యపుస్తకంలోని క్యూ.ఆర్. కోడ్‌ను ఫోనుతో చూస్తే సంబంధిత వీడియో, అభ్యాసం తెరుచుకుంటాయి. ఆలోచన బాగుంది. పుస్తకాన్ని తీసివేయకుండా పుస్తకానికే ఒక కిటికీ పెట్టారు.

అయితే దీక్షాను కొత్తగా తెరిచినవారిని అది ఏమి అడుగుతుంది? ఏ బోర్డు, ఏ మాధ్యమం, ఏ తరగతి. ఈ మూడూ పాలనాపరమైన ప్రశ్నలు. రిజిస్టరులో పిల్ల పేరు ఎదుట రాసి ఉండే వివరాలు. డోంగ్లిలో ఐదో తరగతి చదివే, ఇంట్లో మరాఠీ మాట్లాడే పిల్ల ఈ మూడింటికీ సరిగ్గా జవాబిస్తుంది. తెలంగాణ బోర్డు. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది కనుక, ఇంగ్లీషు. తరగతి ఐదు. ఈ జవాబుల్లో ఆ పిల్ల ఎక్కడుంది? రెండంకెల తీసివేత వచ్చా, తెలుగు వాక్యం చదువుతుందా, ఏ భాషలో ఆలోచిస్తుంది - ఈ ప్రశ్నలు మొదట అడిగే వేదిక అయితే తెరుచుకునే పాఠం వేరుగా ఉండేది.

తరగతి, స్థాయి ఒకటి కావని రాష్ట్ర ప్రభుత్వానికి తెలియదని కాదు. 2022లో ప్రాథమిక తరగతుల కోసం తెచ్చిన ‘తొలిమెట్టు’ కార్యక్రమానికి ఆధారమే అది. పిల్లలు చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియల్లో ఎక్కడున్నారో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టమని ఉపాధ్యాయులకు చెబుతుంది. అంటే ఒకే బడిలో ఉపాధ్యాయురాలికి స్థాయిని చూడమంటున్నాం, యంత్రానికి తరగతిని చూడమంటున్నాం. ఈ వైరుధ్యాన్ని చాలా చర్చల్లో ఎవరూ పట్టించుకోరు.

పరిశోధనలు ఏమి చెబుతున్నాయి

ఈ విషయంలో భారతదేశం నుంచి వచ్చిన పరిశోధనలు ప్రపంచమంతా చదివినవి. వాటిని కాస్త నిదానంగా చూడడం అవసరం, ఎందుకంటే ఇరుపక్షాలూ వీటిలోంచి తమకు కావలసిన వాక్యాన్ని కోసుకుపోతాయి.

గుజరాత్‌లోని వడోదరలో నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు గణిత ఆటల సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. ఒక కంప్యూటర్ ముందు ఇద్దరు పిల్లలు. పిల్లల జవాబులను బట్టి లెక్కల కష్టం మారుతుంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం గణిత మార్కులు చెప్పుకోదగినంత పెరిగాయి. అయితే కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ పెరుగుదలలో చాలా భాగం కరిగిపోయింది. మొదటి వాక్యం అందరూ ఉదహరిస్తారు, రెండోది కొందరే.

అదే రాష్ట్రంలో జ్ఞాన్‌శాల అనే సంస్థ బడుల్లో లీ లిండెన్ చేసిన అధ్యయనం ఇంకా పదునైనది. ఒకచోట కంప్యూటర్ సమయాన్ని బడి వేళల్లోనే, ఉపాధ్యాయుని బోధనకు బదులుగా పెట్టారు. మరోచోట బడి వేళల తరువాత అదనంగా పెట్టారు. సాఫ్ట్‌వేర్ ఒకే రకం. మొదటి చోట పిల్లల అభ్యసనం తగ్గింది, రెండో చోట పెరిగింది. ఆ బడుల్లో బోధన అప్పటికే బాగుండడం ఇందుకు కారణం. మంచి గంటను తీసేసి మామూలు గంటను పెడితే నష్టమే. కాబట్టి ‘కంప్యూటర్ మంచిదా?’ అన్న ప్రశ్నకు జవాబు దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు. అది దేని స్థానంలో వస్తోందన్నది తెలియకుండా ఆ ప్రశ్నకు అర్థమే లేదు.

ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. ‘మైండ్‌స్పార్క్’ అనే సాఫ్ట్‌వేర్ ముందుగా పిల్లల స్థాయిని పరీక్షించి, తరగతితో నిమిత్తం లేకుండా అక్కడి నుంచి నేర్పుతుంది. బడి తరువాత గంటన్నర. సగం సేపు కంప్యూటర్, సగం సేపు చిన్న గుంపుగా ఒక బోధకుని దగ్గర. నాలుగున్నర నెలల్లోనే గణితంలో, హిందీలో స్పష్టమైన లాభం కనిపించింది, వెనకబడిన పిల్లలకు వారి మునుపటి వేగంతో పోలిస్తే మరింత ఎక్కువగా. ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండు మూడు తరగతులు వెనకే ఉన్నారని కూడా ఇదే అధ్యయనం తేల్చింది. అలాంటి తరగతిలో ఆరో తరగతి వీడియో చూపించడం ఎవరికి ఉపయోగం?

వీటి పక్కన పెరూ అనుభవం పెట్టి చూడండి. ‘ఒక బిడ్డకు ఒక లాప్‌టాప్’ పథకం కింద గ్రామీణ ప్రాథమిక బడులకు లాప్‌టాప్‌లు పంచి, 319 బడుల్లో ఫలితాలను పరిశీలించారు. 2012లో వచ్చిన నివేదిక ప్రకారం గణితంలో గాని, భాషలో గాని మెరుగుదల లేదు. యంత్రాలు ఉన్నాయి, పిల్లలు వాడారు కూడా. వాటితో ఏమి నేర్పాలన్నది ఎవరూ నిర్ణయించలేదు.

మన పొరుగున ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. పాఠాలు బైజూస్ సంస్థవి. నెట్ లేకపోయినా నడిచేలా ముందుగానే ట్యాబ్‌లో నింపి ఇచ్చారు. పల్లెను దృష్టిలో పెట్టుకున్న మంచి ఆలోచన అది. 2024 జులైలో ఆ సంస్థపై దివాలా ప్రక్రియ మొదలైంది. ఒక ప్రభుత్వ బడి పాఠం ఒక వ్యాపార సంస్థ ఆరోగ్యం మీద ఆధారపడవచ్చా అన్న ప్రశ్న అప్పుడు అందరికీ కనిపించింది. నిజానికి ఆ ప్రశ్న ఒప్పందం రోజునే ఉంది. ఇంతకుముందు చెప్పిన ఐదేళ్ళ కంప్యూటర్ గది ఒప్పందానికి, దీనికి పోలిక మీరే గుర్తించగలరు.

ఉపాధ్యాయుని స్థానం

బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన కెంటారో తొయామా బృందం, ఒకే కంప్యూటర్‌కు చాలా మౌస్‌లు తగిలించి పిల్లలందరూ ఒకేసారి పాల్గొనే పద్ధతిని తయారుచేసింది. పేద బడికి తగిన చక్కని ఉపాయం. ఇలాంటి ఎన్నో ప్రయత్నాల తరువాత ఆయన 2015లో రాసిన పుస్తకంలో వచ్చిన నిర్ణయం ఏమిటంటే, యంత్రం ఉన్నదాన్ని పెంచుతుంది. బడి బాగా నడుస్తుంటే ఇంకా బాగా నడుస్తుంది, నడవకపోతే ఆ నడవకపోవడాన్నే పెద్దది చేస్తుంది. ఈ వాదనను నేను చాలావరకు అంగీకరిస్తాను, ఒక సవరణతో. ఉపాధ్యాయులు తక్కువగా ఉన్న సరిహద్దు మండలాలకు ఇది అన్వయిస్తే, బలహీనమైన బడికి యంత్రమే వద్దనే దాకా పోతుంది. ఢిల్లీ అధ్యయనం చూపింది వేరు. బడి బలహీనంగా ఉన్నా, పిల్ల స్థాయి తెలుసుకునే సాఫ్ట్‌వేర్, పక్కన ఒక మనిషి ఉంటే లాభం వచ్చింది. రెండూ ఉండాలి.

ఆ మనిషి లేనప్పుడు ఏమవుతుందో ఇళ్ళల్లో చూస్తున్నాం. అసర్ 2024 సర్వేలో గ్రామీణ ప్రాంతాల్లో 14-16 ఏళ్ళ పిల్లల్లో 80 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడగలమన్నారు. ముందటి వారంలో చదువు పనికి వాడామన్నవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడామన్నవారు 76 శాతం. ఫోను వాడగలిగినవారిలో సొంత ఫోను ఉన్నవారు ఆడపిల్లల కన్నా మగపిల్లల్లోనే ఎక్కువ. ‘చదువు యాప్’ అందరికీ సమానంగా అందుతుందని చెప్పేముందు ఈ చివరి సంగతి గుర్తుంచుకోవాలి.

సరిహద్దు బడికి యంత్రం చేయగల పని

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి కంప్యూటర్ అక్కరలేదని ఈ పాఠం అంటోందని అనుకోవద్దు. డోంగ్లి లాంటి చోట ఒక మనిషి చేయలేని పనిని అది చేయగలదు. తెలుగు, ఇంగ్లీషు వచ్చిన ఉపాధ్యాయురాలికి మరాఠీ, కన్నడ కూడా రావాలని కోరలేం. కాని దీక్షాలోనే మహారాష్ట్ర, కర్ణాటక పాఠాలు ఉన్నాయి. బోర్డు, మాధ్యమం మార్చి వెతికితే అదే భిన్నాల పాఠం మరాఠీలో దొరుకుతుంది. పిల్ల ఒకసారి ఇంటి భాషలో విని, తరువాత బడి భాషలో నేర్చుకోవచ్చు. ప్రభుత్వం ఇప్పుడు ఇస్తున్న ద్విభాషా పుస్తకం చేసే పని అదే కదా, ఒకవైపు ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు. మూడో భాషకు పుస్తకంలో చోటు లేదు, తెరమీద ఉంది. దీనికి కొత్త యంత్రాలు కొనక్కరలేదు. ఈ దారి ఉందని ఉపాధ్యాయులకు చూపించి, దాన్ని వాడినందుకు ఎవరూ తప్పుపట్టని వాతావరణం ఉంటే చాలు. రాష్ట్రం వేరు కనుక ఆ పాఠం మనది కాదనే ఆలోచన ఫైళ్ళకు చెల్లుతుంది గాని పిల్లకు చెల్లదు.

రెండో పని రాయడం. సేమోర్ పేపర్ట్ 1980లోనే కంప్యూటర్ పిల్లవాణ్ని నడపడం కాక పిల్లవాడే కంప్యూటర్‌ను నడపాలని వాదించాడు, అందుకు లోగో భాషను రూపొందించినవారిలో ఆయన ఒకడు. మన బడుల్లో కంప్యూటర్ అంటే ఇంకా చూసే వస్తువే. తెలుగు లిపి యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లో చేరింది. ఈనాడు ఏ చౌక ఫోనులోనైనా తెలుగు టైపు చేయవచ్చు. అయినా పదో తరగతి దాటిన విద్యార్థి తెలుగులో ఒక పేజీ టైపు చేయలేకపోవడం మీరు చూసే ఉంటారు. తమ ఊరి పంటల పేర్లు, అమ్మమ్మ చెప్పిన మరాఠీ కథ, మంజీరా వరదల సంగతి పిల్లలు తామే టైపు చేసి ముద్రించుకునే గది ఒకటి ఉంటే, అది వంద వీడియోల కంటే ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం. ఇది పరిశోధన తేల్చిన విషయం కాదు, నా అభిప్రాయం మాత్రమే. మీరు విభేదించవచ్చు.

2025లో తెలంగాణ ప్రభుత్వం ఎక్‌స్టెప్ ఫౌండేషన్ తోడ్పాటుతో కొన్ని ప్రాథమిక బడుల్లో కృత్రిమ మేధ ఆధారంగా భాష, గణితం నేర్పడం ప్రారంభించింది. పిల్ల చదువుతుంటే యంత్రం విని, స్థాయిని బట్టి అభ్యాసం ఇవ్వాలన్నది ఉద్దేశం. తరగతి బదులు స్థాయిని చూసే దిశలో ఇది సరైన అడుగే. అయితే వినే యంత్రానికి ఏ ఉచ్చారణ నేర్పారన్నది ముఖ్యం. మరాఠీ ఇంట్లో పెరిగిన పిల్ల తెలుగు వాక్యాన్ని తన యాసలో చదివితే, అది తప్పు చదివిందని లెక్కిస్తుందా, సరిగానే చదివిందని గుర్తిస్తుందా? హైదరాబాదులో పరీక్షించి బాగుందనుకున్న సాధనాన్ని జుక్కల్, మద్నూర్, డోంగ్లి బడుల్లో మళ్ళీ పరీక్షించాలి.

క్షేత్ర పరిశీలన

మీ దగ్గరలోని ఒక ప్రభుత్వ పాఠశాలకు వెళ్ళి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఒక వారం కంప్యూటర్ లేదా డిజిటల్ తరగతి సమయ పట్టికను పరిశీలించండి. ఆ గంట అంతకుముందు ఏ సబ్జెక్టుకు ఉండేదో అడిగి రాసుకోండి. ఒక తెరపాఠాన్ని పిల్లల వెనుక వరుసలో కూర్చుని చూడండి, తెరను కాక పిల్లల ముఖాలను. పాఠం అయ్యాక అందులోని ఒక లెక్కను ముగ్గురు పిల్లల చేత చేయించి, ఎక్కడ ఆగిపోయారో, ఏ భాషలో అడిగితే ముందుకు కదిలారో నమోదు చేయండి. పిల్లల పేర్లు రాయవద్దు.